ఎగురుడుకాయ

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం మంగళవారం అందింది. మీరు క్షేమం, మేము క్షేమం. ఆ ముక్కలు అయిపోయాయి కనుక అసలు విషయానికి వస్తాను.

రెండో పేరాలో మూడో వాక్యం: "గది బాగుంది."

ముందు నా కళ్ళనే అనుమానించాను. కళ్ళద్దాల కొట్లో రోజంతా జనానికి చిన్న అక్షరాలు చూపించి "ఇదేమిటో చెప్పండి" అని అడిగేదాన్ని, ఇప్పుడు నాకే ఏదో వచ్చిందనుకున్నాను. మర్నాడు ఉత్తరాన్ని కొట్టుకి తీసుకెళ్ళి భూతద్దం పెట్టి చూశాను. బాగుంది అనే ఉంది. దీర్ఘం కూడా శుభ్రంగా ఉంది.

ఎనిమిదేళ్ళ కాపురంలో మీ నోట రాని మాట అది. పెళ్ళైన కొత్తలో నేను కొత్త బట్టలు వేసుకుని ఎలా ఉన్నానని అడిగితే "ఫర్వాలేదు" అన్నారు. కూర ఎలా ఉందంటే ఫర్వాలేదు. కాపురం ఎలా ఉందంటే అదీ ఫర్వాలేదే. నెల తిరిగేసరికి నేను పెట్టె సర్దేసుకున్నాను, గుర్తుందా? అప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, కాగితం మీద రాసి చూపించారు. "ఆ మాట నాకు రాదు. ఫర్వాలేదు అంటే అదే."

బ తో మొదలయ్యే మాట దగ్గర మీ నోరు ఆగిపోతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత మనిద్దరం కలిసి ఈ ఇంట్లోంచి బ ని మెల్లగా బయటికి సాగనంపాం. బీరువా నిలువుపెట్టె అయింది. బస్సు ఎర్రది అయింది. పిల్ల పుట్టాక బంతి ఎగురుడుకాయ అయింది. రాసేటప్పుడు కూడా మీరు పెదవులు కదుపుతూ రాస్తారు కనుక, నోరు ఆగిన చోట కలమూ ఆగుతుంది. అందుకే మీ ఉత్తరాల్లో ఎప్పుడూ ఒక్క బ ఉండదు. నాలుగున్నరేళ్ళ మన పిల్ల పేరొక్కటే మీరు తప్పించుకోలేకపోయారు. చిట్టి అన్నారు, పాప అన్నారు, అది పలికితే కదా! బుజ్జి అంటేనే వస్తుంది మహారాణి. అందుకని ఆగి ఆగి అయినా అలాగే పిలుస్తారు.

అలాంటిది, మీరు ఆ ఊరెళ్ళి రెండు నెలలు కాకముందే బాగుంది అని రాసేశారు. ఎవరు నేర్పారు?

నేను ఊరికే అడుగుతున్నాను. మీరు ఫోన్లో మాట్లాడరు కనుక ఉత్తరమే దిక్కు. ఆసుపత్రికి ఆరు లిఫ్టులు పెట్టడానికి కంపెనీ వాళ్ళు పంపితే వెళ్ళారు, నాలుగు నెలల్లో వచ్చేస్తానన్నారు, నేను సరేనన్నాను. ఏనాడైనా మిమ్మల్ని అనుమానించానా? ఆ తపాలా ఆఫీసు పిల్ల విషయం వేరు.

ఇంటి కబుర్లు ఏమీ లేవు. కొళాయి మళ్ళీ కారుతోంది. నిన్న కొట్లో ఒకావిడ కొత్త ఫ్రేము పెట్టుకుని "ఎలా ఉన్నాను?" అంటే అలవాటులో "ఫర్వాలేదు" అన్నాను. ఆవిడ ఫ్రేము తీసి బల్లమీద పెట్టి చక్కా పోయింది. మా కొట్టు యజమాని పెద్దాయన ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఇదంతా మీ చలవే.

ఆ బ ఎక్కడిదో రాయండి.

ఇట్లు,
ఏమీ అనుకోని
మీ ఆవిడ


ప్రియమైన నీకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఆ మాట ఎలా పడిందో నాకే తెలీదు. పక్క గదిలో వాళ్ళెవరో అంటుంటే విని రాసేసి ఉంటాను. మాటలు దుమ్ములాగా అంటుకుంటాయి. దానికి భూతద్దం దేనికి?

ఇక్కడ పని జోరుగా సాగుతోంది. ఆసుపత్రి లిఫ్టు అంటే మామూలుది కాదు, మంచం మొత్తం పట్టాలి, మంచంతో పాటు ఇద్దరు మనుషులూ పట్టాలి. ఎదురు తూకం సరిగ్గా కుదరకపోతే ప్రతి అంతస్తులోనూ గుమ్మం దగ్గర వేలెడు తేడా వస్తుంది. రోగి మంచం ఆ వేలెడు ఎత్తు దాటేటప్పుడు కుదుపుతుంది. ఆ కుదుపు లేకుండా చేయడానికే వారం పట్టింది. నాలుగు లిఫ్టులు తిరుగుతున్నాయి, రెండు మిగిలాయి.

పాప ఎలా ఉంది? మాటలు ఎలా వస్తున్నాయి? ఎక్కడా ఆగకుండా మాట్లాడుతోందా? నా మాటలు, అవే, మనింట్లో మాటలు, ఇంకా అంటోందా? నేను లేని ఈ రెండు నెలల్లో ఏమైనా తగ్గాయా? ఇది మాత్రం మరిచిపోకుండా రాయి. కొంచెం గమనించి, వివరంగా రాయి.

ఒక సంగతి. అవసరమొస్తే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పించు కానీ, సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా చేయకు. ఆ వేళలో నేను దొరకను. నాలుగు నెలలన్నాను కదా, ఇంకాస్త ఆలస్యం కావచ్చు. కంగారు పడకు.

కొళాయి లోపల వాషరు అరిగి ఉంటుంది. నిలువుపెట్టె కింది అరలో రేకు పెట్టెలో కొత్తవి ఉన్నాయి.

నీ
మెట్లెక్కడం మరిచిపోతున్న మీ ఆయన


శ్రీవారికి,

ప్రియమైన అన్న మాట ఈసారి నా దగ్గరే ఉంచుకున్నాను. మీ జవాబుని బట్టి పంపిస్తాను.

మీ ఉత్తరాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చూశాను. ఒక్క బ లేదు. కిందటిసారి దొరికిపోయారు కనుక ఈసారి ఏరి పారేశారు. ఊరికే దుమ్ములా అంటుకున్న మాటైతే దులుపుకోవడానికి ఇంత శ్రమ ఎందుకండీ? నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?

ఇక ఐదున్నర. ఎనిమిదేళ్ళలో మీకు వేళ అంటూ ఉన్న పని ఒక్కటే చూశాను, భోజనం. ఇప్పుడు రోజూ గంట సేపు ఎవరికీ దొరకరట.

ఇంతటితో అయితే నేను కొంచెం ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మొన్న మీ ఫోర్‌మన్ చదువుకునే అద్దాల కోసం మా కొట్టుకి వచ్చాడు. గడ్డం స్టాండు మీద ఆనించి, ఒక కన్ను మూసి, చార్టు చదవమన్నాను. రెండు వరుసలు చదివి, "మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా? పాపం, బతిమాలి మరీ వెళ్ళాడు" అన్నాడు.

"బతిమాలడమేమిటి? మీరే కదా పంపింది?" అన్నాను.

"మేమెందుకు పంపుతాం? ఆయన లాంటి పనివాణ్ణి వదులుకుంటామా? ఎంత దూరమైనా సరే ఇవ్వండి అని తనే వచ్చి అడిగాడు. ఇప్పుడు ఆ లిఫ్టుల బాగోగులు చూడటానికి రెండేళ్ళు అక్కడే ఉంటానంటున్నాడు. ముప్ఫయ్యో తారీఖులోపు సంతకం పెడితే ఖాయమే" అని, నా మొహం చూసి, "మీకు చెప్పలేదా?" అన్నాడు.

చెప్పారనే అన్నాను. పరువు ఉండాలిగా. ఆయనకి ఏ నంబరు అద్దాలు రాశానో నాకు గుర్తులేదు, మళ్ళీ వచ్చి గొడవపెడతాడు.

రెండేళ్ళా? అప్పటికి పిల్లకి ఆరున్నర వస్తుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక మీ ఉత్తరాన్ని లెన్సుల మీద గీతలు పట్టుకునే దీపం కింద వాలుగా పెట్టి చూశాను. దాని మీద ఇంకో కాగితం పెట్టి ఎవరో గట్టిగా నొక్కి రాశారు, ఆ నొక్కులు కింద పడ్డాయి. మీ రాత కాదు. గుండ్రటి ఆడ రాత. "ఊపిరి తీసుకోండి. తొందర లేదు. నేను ఉన్నానుగా. మళ్ళీ." అలాగే ఉంది. ఆ కింద ఒకే మాట వరుసగా పదిసార్లు. మీ సిరా కింద నలిగిపోయింది కానీ మొదటి అక్షరం తెలిసింది. బు. పక్కన జ ఒత్తు.

బుజ్జి!

ఆవిణ్ణి కూడా బుజ్జి అంటున్నారా? మీకు ప్రపంచంలో ఇంకో ముద్దుపేరు దొరకలేదా? నా పిల్ల పేరే కావాల్సి వచ్చిందా? అదీ ఆగకుండా పలుకుతున్నారా ఆవిడ దగ్గర?

మీ మాటలు పిల్ల ఇంకా అంటోందా అని అడిగారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. మీ గుర్తులు ఈ ఇంట్లోంచి చెరిగిపోయాయో లేదో చూసుకుంటున్నారు. చెరిగిపోతే మీకు దారి సులువు.

చెప్పను. మీరు వచ్చి వినండి.

ఇట్లు,
పిల్ల తల్లి


శ్రీవారికి,

పన్నెండు రోజులైంది. మీకు నీళ్ళు నమలడం అలవాటే కానీ, ఇంతసేపు ఎవరూ నమలరు.

శనివారం పొద్దున్న ఎర్రదానికి రెండు టికెట్లు తీసుకున్నాను. పిల్లని తీసుకుని వస్తున్నాను. ఆవిడ ఎవరో, నా మొహం చూసి చెప్పండి. సంతకం ఆ తర్వాత పెట్టుకోండి.

ఇట్లు,
నేను


ప్రియమైన నీకు,

నీ కార్డు ఇప్పుడే వచ్చింది. పన్నెండు రోజుల్లో నేను ఐదు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. ఈ ఉత్తరంలో మాత్రం ఏ అక్షరమూ దాచను.

ముందు ఆవిడ సంగతి. ఆవిడకి అరవై దాటాయి, ముగ్గురు మనవలు. ఆసుపత్రి మూడో అంతస్తులో మాటలు రానివాళ్ళకి మాటలు నేర్పే గది ఉంది, ఆ గదికి టీచరు. ఒకరోజు లిఫ్టు సరిచూస్తుంటే ఎక్కింది. "ఏ బటన్ నొక్కాలి బాబూ?" అంది. నేను వేలితో చూపించాను. ఆవిడ నవ్వి, "చెప్పొచ్చుగా? నాకు చిన్నప్పుడు మ వచ్చేది కాదు. మామయ్యని పదేళ్ళు అత్తయ్య వాళ్ళాయనా అని పిలిచాను" అంది. మర్నాటి నుంచి ఐదున్నరకి వెళ్తున్నాను. నువ్వు పట్టుకున్న ఆ బ అక్కడిదే. గట్టిగా నొక్కి రాయడం ఆవిడ అలవాటు. నేను ఉత్తరాలు రాసే పుస్తకం మీదే కాగితం పెట్టి రాసిచ్చింది. బుజ్జి అని పదిసార్లు, రోజూ పదిసార్లు పలకమని.

అది మన బుజ్జే. ఇంకెవరున్నారు నాకు?

ఇక నేను ఎందుకొచ్చేశానో చెప్పాలి. ఇక్కడికి వచ్చేసే ముందు ఒక శనివారం నువ్వు కొట్లో ఉన్నావు. నేను వంటింట్లో తొట్టి కింద దూరి కొళాయి విప్పుతున్నాను. అవతలి గదిలో పిల్ల తన బొమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పిలుస్తోంది. "బు... బు... బుజ్జీ, ఇలా రా."

నా చేతిలో పానా అలాగే ఉండిపోయింది. మళ్ళీ పిలిచింది. అలాగే ఆగి ఆగి, సరిగ్గా నాలాగే. నత్తి. ఆ మాట మనింట్లో ఎవరూ అనరు, నువ్వు అననివ్వవు. ఇవాళ నేనే రాస్తున్నాను.

మా నాన్నకీ ఉండేది. ఆయన దగ్గర్నుంచే నాకు అంటుకుందని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అనేవాళ్ళు, ఆయన ముందే. ఆయన తల దించుకునేవాడు. నాకు ఏడేళ్ళప్పుడు నాతో మాట్లాడటం మానేశాడు. నా మంచి కోసమే. ఏదైనా కావాలంటే అమ్మతో చెప్పించేవాడు. పోయేదాకా అంతే.

నేను అదే ఇంట్లో ఉండి దానితో మాట్లాడకుండా ఉండలేను. నాకు అంత గట్టి గుండె లేదు. అందుకని సోమవారం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. దూరంగా పని ఇవ్వమని ఒక్కసారి కూడా ఆగకుండా అడిగాను. నీకు చెబితే వెళ్ళనివ్వవని కంపెనీ పంపిందన్నాను. అబద్ధం ఆడాను, తిట్టు.

దాని పేరు ఆగకుండా పలకగలిగిన రోజు వద్దామని. ఇప్పటికి పదిలో రెండుసార్లు వస్తోంది. పది రావాలంటే రెండేళ్ళు పట్టొచ్చని టీచరుగారు అంది. అందుకే ఆ కాగితం. అది నా సొరుగులో ఉంది, సంతకం పెట్టలేదు. ముప్ఫయ్యో తారీఖు వచ్చే మంగళవారం.

శనివారం రావద్దు. దాన్ని చూస్తే నేను ఉండలేను, పిలుస్తాను, మళ్ళీ అంటుకుంటుంది. ఒక్కటి మాత్రం చెప్పు. నేను వచ్చేశాక తగ్గిందా?

నీ
బాధ్యత లేనివాణ్ణని నువ్వు అనుకున్నా ఫర్వాలేదనుకునే
మీ ఆయన


నా ప్రియమైన మొద్దు గారికి,

దాచుకున్న ప్రియమైన పంపుతున్నాను. పక్కన మొద్దు నేను కలిపింది.

మీ ఉత్తరం చదివి ముందు సిగ్గుపడ్డాను. అరవయ్యేళ్ళ ఆవిణ్ణి పట్టుకుని నేను మనసులో అనుకున్న మాటలు ఆవిడకి ఎప్పుడూ చెప్పకండి. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది. అంటుకుంటుందని ఊరు వదిలి పారిపోతారా? నన్నొక్క మాట అడగొచ్చుగా! నేను పక్కనే ఉన్నానుగా!

అడగలేదు కనుక నేనే చూశాను. కొట్లో చదువు రాని పిల్లల కోసం బొమ్మల చార్టు ఉంటుంది, దాన్ని ఇంటికి తెచ్చి గోడకి తగిలించాను. పిల్లని నిలబెట్టి, కర్రతో బ తో మొదలయ్యే బొమ్మలే ఒక్కొక్కటీ చూపించాను.

"బంతి" అంది. కర్ర తర్వాతి బొమ్మ మీదికి జరిపాను. "బస్సు. బాతు. బూట్లు. బీరువా." మీ మీద ఒట్టు, ఎక్కడా ఒక్క క్షణం ఆగలేదు. గడగడా చెప్పేసి, "ఇంకా పెద్దవి లేవా?" అంది.

"మరి ఇంట్లో ఎగురుడుకాయ అంటావేం?" అన్నాను.

"బంతి స్కూల్లోది. ఎగురుడుకాయ మనది" అంది, ఇంత కూడా తెలీదా అన్నట్టు.

బొమ్మ సంగతి కూడా అడిగాను. "బొమ్మని బు, బు, బుజ్జీ అని పిలిచేదానివటగా, ఎందుకలా?"

ఇప్పుడు రాసేది కూర్చుని చదవండి.

"అది నాన్న పిలుపు" అంది. "నువ్వు ఒక్కసారే పిలుస్తావు. టీచరూ ఒక్కసారే పిలుస్తుంది. నాన్న మూడుసార్లు పిలుస్తాడు. నాన్నకి నేను ఎక్కువ కావాలి."

నేను కర్ర పక్కన పెట్టి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.

నేను వచ్చేశాక తగ్గిందా అని అడిగారు కదా, తగ్గింది. పూర్తిగా పోయింది. మీరు వెళ్ళిన వారం నుంచి అది బొమ్మని అలా పిలవడం మానేసింది. నేను ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. ఎందుకు మానేశావంటే, "నాన్న వచ్చాక పిలుస్తాడుగా" అని బొమ్మని తీసుకెళ్ళి నిలువుపెట్టెలో పడుకోబెట్టింది. ఇదే మీకు కావాల్సిన నయమైతే, అక్కడే ఉండండి.

మీ నాన్నగారు మీతో మాట్లాడటం మానేశారన్నారు. మీకు పోయిందా? పోలేదు. మీకు ఒక బ మిగిలింది, ఒక నాన్న తగ్గాడు. మా మావగారిని ఏమీ అనకూడదు కానీ, ఆయన నుంచి మీకు నిజంగా అంటుకున్నది ఈ మాట్లాడకుండా వెళ్ళిపోయే గుణమే. దాన్ని మాత్రం నా పిల్లకి అంటించకండి.

ఇంకో సంగతి. మొన్న స్కూలు టీచరు కబురు పెట్టింది. నేను గుండె చేత్తో పట్టుకుని వెళ్ళాను. "మీ అమ్మాయి ఏం చేసిందో తెలుసా? మా క్లాసులో ఇరవై ఏడుగురూ ఎగురుడుకాయ అంటున్నారు. నిన్న పెద్ద టీచరు ముందు నేనూ ‘ఎగురుడుకాయలు లోపల పెట్టండి’ అనేశాను. ఎక్కడిదండీ ఈ మాట?" అంది. మా ఆయన కనిపెట్టారన్నాను. "బాగుందండీ" అంది. నేను కూడా గర్వంగా, ఫర్వాలేదన్నాను.

ఇప్పుడు మా కొట్లో పెద్దాయన కూడా ఫర్వాలేదు అంటున్నాడు. ఎవరికి ఏది అంటించారో మీకే తెలీదు.

నేను టికెట్లు వాపసు ఇవ్వను. శనివారం మధ్యాహ్నం రెండింటికి దిగుతాం. ఆ కాగితాన్ని సొరుగులోంచి తీసి, ఎవరికిచ్చేయాలో వాళ్ళకి ఇచ్చేయండి, సంతకం లేకుండా. మిగిలిన రెండు లిఫ్టులూ పూర్తి చేసి వచ్చేయండి. కొళాయికి కొత్త వాషరు నేనే వేశాను, ఇంకా ఎక్కువ కారుతోంది.

టీచరుగారి దగ్గర పాఠాలు మానకండి. ఇక్కడికొచ్చాక కూడా ఎవరినైనా చూద్దాం. బంతి నేర్చుకోండి, బస్సు నేర్చుకోండి. బాగుంది అని తప్పకుండా నేర్చుకోండి, ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. దాని పేరు మాత్రం ఇక సాధన చేయకండి. శనివారం ఎర్రది దిగేటప్పుడు పిల్ల చెవులు రిక్కించుకుని ఉంటుంది. మీరు ఒక్కసారే పిలిచారంటే, నాన్నకి నేను అక్కర్లేదా అని నన్నడుగుతుంది. నేనేం చెప్పను?

మూడుసార్లూ పిలవండి.

మీ
బు, బు, బుజ్జి వాళ్ళమ్మ